థైరాయిడ్ వల్ల కళ్లు ఉబ్బిన మా అక్కకు స్టెరాయిడ్ ఎక్కించవచ్చా?

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. 43 ఏళ్ల మా అక్కకు గ్రేవ్స్ వ్యాధి (థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు) ఉందని నిరుడు తేలింది. మాత్రలతో హార్మోన్లు అదుపులోకి వచ్చినా, నాలుగు నెలలుగా కనుగుడ్లు ముందుకు పొడుచుకువచ్చి, రెప్పలు వాచి, పైకి చూసినప్పుడు ఒక్కటే వస్తువు రెండుగా కనిపిస్తోంది. థైరాయిడ్‌ను రెచ్చగొట్టే ప్రతిరక్షకాలే (యాంటీబాడీలే) కంటి వెనుక ఉన్న కొవ్వును, కండరాలను కూడా వాచేలా చేస్తాయని, అందుకే హార్మోన్లు సరిపోయినా కళ్లు తగ్గకపోవచ్చని డాక్టరుగారు వివరించాక గాని మాకు అర్థం కాలేదు.

ఇప్పుడు వారానికొకసారి చొప్పున 12 వారాలు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ నరంలోకి ఎక్కించాలంటున్నారు. మొదటి 6 వారాలు 500 మిల్లీగ్రాములు, ఆ తర్వాత 250. అయితే స్టెరాయిడ్ షుగరును పెంచుతుంది, అక్కకు షుగరు కూడా ఉంది. షుగరు ఉండి ఈ చికిత్స తీసుకున్నవారు ఎవరైనా ఉంటే, ఆ రోజుల్లో ఇన్సులిన్ ఎలా సర్దుకున్నారో, రెండుగా కనిపించడం ఎంతవరకు తగ్గిందో దయచేసి తెలియజేయండి. మరో డాక్టరు థైరాయిడ్‌ను అణచే రేడియో అయోడిన్ చికిత్స సూచించారు గాని, అది కంటి వాపును పెంచే ప్రమాదం ఉందని తెలిసి ఆగాం.

రంగులు వెలిసినట్టు కనిపిస్తే కంటినరం నొక్కుకుంటున్నట్టేనని, ఆలస్యం చేయకుండా రావాలని హెచ్చరించారు. అటువంటి అవసరం వస్తే మాకు విశాఖపట్నం మేలా, భువనేశ్వర్ మేలా? పొగ ఈ జబ్బుకు బద్ధశత్రువట. బావగారి చుట్టలను వీధి అరుగు మీదికి సాగనంపాం, పూర్తిగా మాన్పించే ఉపాయం తెలిసినవారు అదీ చెప్పండి.