ఇంట్లో రికార్డ్ చేసిన గొంతు రీమిక్స్‌లో మోగుతోంది, బీట్ కూడా తప్పుతోంది

తీన్‌మార్_బేస్:
అన్నలూ, ఒక జానపద పాటకు 128 బీపీఎంలో (నిమిషానికి 128 బీట్లు) డీజే మిక్స్ చేస్తున్నా. పాడేది మా అక్క, శృతి ఐదున్నర. కండెన్సర్ మైక్, మామూలు ఇంటర్‌ఫేస్, 10x12 గది. గొంతు ఒక్కటే వింటే బాగుంది. కిక్, బేస్ కలిపి కంప్రెస్ చేయగానే (పెద్ద శబ్దాలను నొక్కి హెచ్చుతగ్గులు తగ్గించగానే) బాత్రూంలో పాడినట్టు మోగుతోంది. పైగా మొదటి చరణం దాకా బీట్‌లోనే ఉండి, రెండో చరణానికి జారిపోతోంది. పాడేటప్పుడు హెడ్‌ఫోన్‌లో పాత ఆర్కెస్ట్రా ట్రాక్ పెట్టాం. గది మోత తగ్గించే డీ-రివర్బ్ ప్లగిన్ కొనాలా?

బొంత_బూత్:
ఇప్పుడే కొనకు. కంప్రెసర్ గొంతును 8 డీబీ నొక్కాక మేకప్ గెయిన్‌తో అంతా పైకి లేపితే, మాటల మధ్య దాక్కున్న గది మోత కూడా ఆ 8 డీబీ లేస్తుంది. మాస్టర్ లిమిటర్ ఇంకాస్త లేపుతుంది. విడిగా విన్నప్పుడు తెలియనిది అందుకే మిక్స్‌లో బయటపడుతుంది.

మైక్ వెనకాల ఫోమ్ పెట్టి సరిపెట్టుకుంటారు చాలామంది. కార్డియాయిడ్ (ముందువైపే బాగా పట్టే) మైక్‌కు వెనకవైపు ఎలాగూ సరిగా వినపడదు. అది చూసేది పాడే మనిషి వీపు వెనకున్న గోడను. రెండు బొంతలు కలిపి అక్క వెనక, గోడకు జానెడు ఎడంగా వేలాడదీయి. గోడకు ఆనిస్తే పై ఫ్రీక్వెన్సీలే తగ్గుతాయి, డొల్ల మోత అలాగే ఉంటుంది. నోటికి మైక్‌కు 15-20 సెంటీమీటర్లు, మధ్యలో పాప్ ఫిల్టర్. దూరం సగం చేస్తే గొంతు దాదాపు 6 డీబీ పెరుగుతుంది, గది మోత మాత్రం పెరగదు. మరీ దగ్గరైతే కింది స్థాయి ఉబ్బుతుంది. ఫ్యాన్ ఆపు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. జానపదం ఎత్తుకున్నప్పుడు గొంతు ఒక్కసారిగా లేస్తుంది కాబట్టి, పీక్ మైనస్ 10 దాటకుండా గెయిన్ పెట్టు.

క్లిక్_దరువు:
మొదటి నుంచీ ఒకే తేడా ఉంటే లేటెన్సీ, అంటే పరికరాల్లో సౌండ్ ఆలస్యం. పోనుపోను పెరిగితే టెంపో. నీది రెండోది. ట్రాక్ 127.5లో, ప్రాజెక్ట్ 128లో ఉంటే నిమిషానికి అర బీట్ జారుతుంది. మనుషులు వాయించిన పాత ట్రాక్ అయితే ఒకే టెంపోలో కూడా ఉండదు. 128లో కిక్, క్లాప్, శృతి మాత్రమే వినిపించి మళ్ళీ పాడించు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ అసలు వద్దు, ఆలస్యంగా వినిపిస్తుంది.

ఇంకోటి, పాట తిశ్రంలో (మూడేసి అక్షరాల నడకలో) ఉందేమో చూడు. అలాంటి పాటను పదహారో వంతు గ్రిడ్‌లో క్వాంటైజ్ చేస్తే (గ్రిడ్ గీతలకు లాగితే) అక్షరాలు పక్క గీతకు అతుక్కుని నడక కుంటుతుంది. గ్రిడ్‌ను ట్రిప్లెట్‌కు మార్చి, పాదం ఎత్తుగడ అక్షరాన్ని మాత్రమే జరుపు. మిగతావి వదిలెయ్.

తీన్‌మార్_బేస్:
చరణాలు మళ్ళీ పాడిస్తా. ఆలాపన మాత్రం క్లిక్‌కు పాడలేనంటోంది. పిచ్ కరెక్షన్ పెడితే గమకాలు మెట్లు మెట్లుగా విరుగుతున్నాయి.

షడ్జమం:
ఆలాపనను క్లిక్‌కు కట్టెయ్యడమెందుకు? కిక్ ఆపేసి, కింద ప్యాడ్ ఒక్కటే పెట్టి బ్రేక్‌లో వాడు. ఆ పాత టేక్‌కు మాత్రం డీ-రివర్బ్ కొద్దిగా వాడొచ్చు, ట్రయల్ వెర్షన్‌తోనే పని అవుతుంది. ఎక్కువైతే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టుంటుంది.

పిచ్ కరెక్షన్‌ను ఆటోమేటిక్‌లో వదలకు. గ్రాఫ్‌లో చూస్తూ నిలిపి పాడిన స్వరాలను మాత్రమే సరిచెయ్, జారుళ్ళను ముట్టుకోకు. ఇది కంప్రెసర్‌కు ముందే జరగాలి.

ఐదున్నర అంటే జీ షార్ప్. అక్క షడ్జమం దాదాపు 208 హెర్ట్జ్, మంద్ర పంచమం 156. కాబట్టి హై-పాస్ (కింది ఫ్రీక్వెన్సీలను కోసే ఫిల్టర్) 120 హెర్ట్జ్ దగ్గర పెట్టినా గొంతు పలచబడదు, కిక్‌కు చోటు దొరుకుతుంది. 300-450 మధ్య 2-3 డీబీ తగ్గించు. ఒకే కంప్రెసర్‌తో 8 నొక్కే బదులు రెండు పెట్టి తలా 3-4 నొక్కించు. ‘స’, ‘శ’ గుచ్చుకునేది ఆ తర్వాతే, అప్పుడు 6-8 కిలోహెర్ట్జ్ దగ్గర డీ-ఎస్సర్ పెట్టు. రివర్బ్‌ను సెండ్‌లో (గొంతు ట్రాక్ మీద కాకుండా విడి ఛానెల్‌లో) ఉంచి, దానికి 300 దగ్గర హై-పాస్ పెట్టు. డిలే 234 మిల్లీసెకన్లు పెడితే 128లో సరిగ్గా అర బీట్‌కు పడుతుంది.