10,000 టన్నుల క్రూజర్ బరువు దాటిపోతోంది, ఎక్కడ కోయాలి?

ప్రశ్న: క్రూజర్ల బరువును 10,000 టన్నులకు పరిమితం చేసిన 1922 వాషింగ్టన్ ఒప్పందానికి లోబడి, కల్పిత నౌకాదళం కోసం క్రూజర్ యుద్ధనౌక గీస్తున్నాను. మూడేసి 8 అంగుళాల తుపాకుల టరెట్లు (తిరిగే తుపాకీ గూళ్లు) మూడు, వేగం 33 నాట్లు. పక్క కవచం 125 మి.మీ. మందం, 4 మీ. ఎత్తు, 110 మీ. పొడవు. లెక్క 11,000 టన్నులు దాటింది.

జవాబు 1: ముందు ఇంధనం, బాయిలర్ల రిజర్వు నీరు తీసేశారా? ఒప్పందపు స్టాండర్డ్ బరువులో ఆ రెండూ రావు. పైగా అక్కడి టన్ను 1,016 కిలోలు. మెట్రిక్‌లో వేస్తుంటే మీకు 160 టన్నులు కలిసొస్తాయి.

జవాబు 2: అసలు బరువు కవచంలో ఉంది. ఉక్కు ఘనపు మీటరుకు 7.85 టన్నులు, రెండు పక్కలా కలిపి మీ కవచమే సుమారు 860. యంత్రాల గదులు దగ్గరికి జరిపి 75 మీటర్లకు కుదిస్తే 590కి దిగుతుంది. 31 నాట్లు చాలనుకుంటే ఇంకా మేలు, ఎందుకంటే 31 నుంచి 33కి పోవాలంటే కనీసం 20 శాతం అదనపు శక్తి కావాలి.

జవాబు 3: బరువు తగ్గించాలని ఓడ దేహాన్ని మాత్రం మరీ సన్నం చేయకండి. అమెరికా క్రూజర్ పెన్సకోలాలో ముందుభాగం సన్నగా ఉండటంతో మూడు తుపాకుల టరెట్ కింద పట్టక, రెండు తుపాకులది కింద, మూడింటిది పైన పెట్టారు. ఓడ పైభాగంలో బరువు పెరగడం ఇంకా ప్రమాదం: చిన్న ఓడ మీద ఆయుధాలు కుక్కిన జపాన్ టార్పెడో పడవ టొమొజురు 1934 మార్చిలో తుఫానులో బోర్లాపడింది. ఇంధన ట్యాంకులు ఖాళీ అయిన స్థితిలో కూడా స్థిరత్వం లెక్కవేయండి.