స్వయంవ్యవస్థీకృతమా, బారులు తీరినదా? ఒక శీర్షిక మీద చర్చ

మొదటి పోస్టు

అందరికీ నమస్కారం. ఉపరితల భౌతికశాస్త్రం మీద డిగ్రీ విద్యార్థుల కోసం ఒక వ్యాసం రాస్తూ శీర్షిక దగ్గరే ఆగిపోయాను. "నమూనాయుత లోహ ఉపరితలాలపై స్వయంవ్యవస్థీకృత అయస్కాంత నానోనిర్మాణాల పెంపకం" అని రాసుకున్నాను. తప్పేమీ కనిపించదు కానీ, రాసిన నాకే రెండోసారి చదివితే గానీ బోధపడలేదు. అన్నిటికంటే ఆ 'స్వయంవ్యవస్థీకృత' దగ్గర నాలుక తడబడుతోంది.

విషయం ఇదీ. బాగా శుభ్రం చేసిన బంగారం ముఖం మీద, గాలి పూర్తిగా తీసేసిన గదిలో, కోబాల్ట్ ఆవిరిని చాలా పలచగా పట్టిస్తారు. ఆ అణువులు ఎక్కడ పడితే అక్కడ గడ్డకట్టవు. చిన్న చిన్న దీవులుగా, దాదాపు సమాన దూరాల్లో, వరసలుగా నిలుస్తాయి. ఒక్కో దీవి వెడల్పు కొన్ని నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతులు ఏ కొన్నో. ఎవరూ పట్టుకుని పేర్చరు. దీనికి తేలికైన తెలుగు చెప్పగలరా?

జవాబు

సగం జవాబు మీ మాటల్లోనే ఉందండీ. "ఎవరూ పేర్చరు" అన్నారు కదా. పేర్చడం ఒకరు చేసే పని. పేరుకోవడం దానంతట అది జరిగేది. తెలుగులో ఇలాంటి జంటలు చాలా ఉన్నాయి: అమరు, అమర్చు. చేరు, చేర్చు. కూడు, కూర్చు. తీరు, తీర్చు. "చీమలు బారులు తీరాయి" అంటే వాటిని ఎవరు తీర్చారని ఏ పిల్లాడూ అడగడు. క్రియలోనే 'స్వయం' ఉంది. మళ్లీ ముందు తగిలించక్కర్లేదు.

'వ్యవస్థీకృత'తో నాకున్న ఇబ్బంది పొడుగు గురించి కాదు. 'కృత' అంటే చేయబడినది. ముందు చేయబడిందని చెప్పేసి, కాదు కాదు తనే చేసుకుందని 'స్వయం' తెచ్చి సర్దుతున్నాం. సంస్కృతంలో కూడా ఈ తేడాకి చోటుంది: ఘనీకృతం అంటే గట్టిపరచినది, ఘనీభూతం అంటే గట్టిపడినది. ఆ లెక్కన, సంస్కృతమే కావాలనుకుంటే మీకు కావలసింది 'భూత', 'కృత' కాదు. కానీ "బారులు తీరిన" అనే మాట చేతిలో ఉండగా అంత దూరం ఎందుకు?

పెంపకం కూడా మార్చండి. ల్యాబుల్లో "శాంపిల్ గ్రో చేశాం" అంటారు, నిజమే. కానీ ఇక్కడ మనం చేసేది ఆవిరి పట్టించడం, వేడి సరిచూడటం, ఎంత పట్టిందో కొలవడం. పెరిగేది దీవి. అది 'పెరుగుదల'. మనిషి పని ఎక్కడ ఆగిందో, లోహం పని ఎక్కడ మొదలైందో పాఠకుడికి క్రియ చూసి తెలియాలి. ఈ శాస్త్రంలో అసలు ఆసక్తికరమైన గీత అదే.

మొదటి పోస్టు రాసినవారు

బారులు తీరడం చాలా నచ్చింది. అయితే ఒక సందేహం వదలడం లేదు. ఇవి నిజంగా తమంతట తామే తీరాయా? బంగారం చెప్పిన చోట నిలిచాయి గానీ!

బంగారం (111) ముఖం మీద పై పొర కాస్త బిగిసి ఉంటుంది (స్ఫటికాన్ని ఏ దిక్కున కోస్తే ఆ ముఖం వచ్చిందో చెప్పే అంకెలివి). కింద 22 అణువులు పట్టే నిడివిలో పైన 23 ఇరుక్కుంటాయి. ఆ బిగువు వల్ల ఉపరితలం మీద జంట చారలు ఏర్పడి, కొంత దూరం పోయి, 120 డిగ్రీల కోణంలో వంగి, మళ్లీ వెనక్కి తిరుగుతూ చేపముల్లులా సాగుతాయి. ఎస్‌టీఎం (సన్నటి సూదిమొనతో ఉపరితలాన్ని గీత గీతగా తడిమి అణువుల బొమ్మ చూపే సూక్ష్మదర్శిని) తెర మీద ఇది చూస్తుంటే ఊపిరి బిగపట్టుకోవాల్సిందే. బొమ్మ ఒక్కసారిగా రాదు. సూదిమొన ఒక్కో గీత నడుస్తుంటే మగ్గం మీద బట్ట దిగినట్టు, కింది నుంచి పైకి కొద్దికొద్దిగా వస్తుంది. ముందు చారలు, తర్వాత వంపు, ఆ వంపు మీద సరిగ్గా ఒక తెల్లటి చుక్క. మళ్లీ చారలు. మళ్లీ వంపు, మళ్లీ చుక్క. నికెల్ దీవులు ఇలా వంపుల దగ్గరే పుడతాయని 1991లో చూపించారు. కోబాల్ట్ కూడా అక్కడే నిలుస్తుంది, కాకపోతే రెండు అణువుల ఎత్తున. వరసలో ఒక దీవికీ పక్క దీవికీ మధ్య సుమారు 7 నానోమీటర్లు.

అంటే చోటు ముందే ఖాయమైపోయింది. బారులు తీరాయంటే ఆ బంగారం పాత్ర మాయమైపోదూ?

జవాబు (ఇంతకుముందు రాసినవారే)

మంచి ప్రశ్న. నేను అంత దూరం ఆలోచించలేదు. మీరు చెప్పాక చూస్తే 'నమూనాయుత' కూడా తప్పు దారి పట్టిస్తోంది. ఎవరో నమూనా గీసినట్టుంది. ఆ చారలూ లోపలి బిగువుకి వాటంతట అవి వచ్చినవే కదా. "చారలు తీరిన బంగారం" అనండి.

మరొకరి జవాబు

ఆ వంపుకి ఒక మాట ఉందండీ: కుదురు. గుండ్రటి అడుగున్న కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్టని కుదురు అంటాం. అదే మాట క్రియ అయితే కుదురుకోవడం. నిలకడ లేకుండా తిరిగేది ఒకచోట ఆగడం. మీ కోబాల్ట్ అణువు కూడా ఉపరితలం మీద అటూ ఇటూ తిరిగి తిరిగి వంపు దగ్గర ఆగుతోంది. ఆగే చోటు కుదురు, ఆగడం కుదురుకోవడం. బంగారం పాత్ర నామవాచకంలో, అణువు పాత్ర క్రియలో. రెండూ దక్కుతాయి.

మొదటి పోస్టు రాసినవారు

కుదురు! ఇది నాకు తట్టనే లేదు, చాలా సంతోషం. ఒక్క చిన్న సవరణ. నికెల్ విషయంలో మొదటి అణువు వంపు మీద ఊరికే కూర్చోదు. అక్కడున్న బంగారం అణువుతో చోటు మార్చుకుని పొరలోకి దిగుతుంది. తర్వాత వచ్చినవి దాన్ని పట్టుకుని చేరతాయి. కాబట్టి మొదటిదానికి 'నాటుకోవడం', మిగతావాటికి 'పేరుకోవడం' అని వేరు చేస్తాను. పుస్తకాల్లో దీన్నే కేంద్రకీకరణ అంటున్నారు. ముల్లు నాటుకోవడం తెలిసిన పిల్లవాడికి ఇది ఇంకో పాఠం లేకుండానే అర్థమవుతుంది.

ఇంకో జవాబు

అయస్కాంతం సంగతి ఎవరూ ఎత్తలేదు. సూదంటురాయి అనే అచ్చతెలుగు మాట ఉండగా ఎందుకు వదలాలి? సూది, అంటు, రాయి. ఎంత చక్కగా ఉంది!

జవాబు

చక్కని మాటే, నాకూ ఇష్టమే. కానీ ఇక్కడ వద్దంటాను. సూదంటురాయి అంటే సూదిని పట్టి ఉంచేది, నిలకడగా ఉండేది. ఈ దీవుల్లో కొన్ని వందల అణువులే ఉంటాయి కాబట్టి మామూలు వేడికే వాటి అయస్కాంత దిశ తారుమారైపోతుంది. ప్లాటినం మీద మెట్లు మెట్లుగా ఉండే (997) ముఖం చూడండి. మెట్టు అంచు వెంబడి ఒకే ఒక్క అణువు వెడల్పుతో కోబాల్ట్ గొలుసులు పెంచి, వాటిలో అయస్కాంతత్వం నిలుస్తుందని 2002లో చూపించారు. అదీ 15 కెల్విన్‌ల లోపు చలిలో. అక్కడ కూడా "మెట్టు అంచుని ఒరుసుకుని బారు తీరిన కోబాల్ట్" అంటే చక్కగా సరిపోతుంది. దిశ నిలవడమే పెద్ద ప్రశ్న అయిన చోట సూదిని అంటే రాయి అనలేం. 'అయస్కాంత' విశేషణంగా ఒదుగుతుంది, అదే ఉంచండి.

మొదటి పోస్టు రాసినవారు

సరే, అయస్కాంతమే ఉంచుతున్నాను. శీర్షిక ఇప్పటికి ఇలా ఉంది: "చారలు తీరిన బంగారం మీద కుదురుకున్న అయస్కాంత దీవులు". నానో అనే మాట శీర్షికలోంచి తీసేసి మొదటి వాక్యంలోకి దించాను. రాగి మీద నైట్రోజన్ పట్టించి సుమారు 5 నానోమీటర్ల గళ్లు వచ్చేలా చేసే పద్ధతి గురించి రెండో భాగం రాయాలి. అక్కడ ఖాళీగా మిగిలిన రాగి మీదే ఇనుము, కోబాల్ట్ పెరుగుతాయి. గడికీ గడికీ మధ్య మిగిలే ఆ సన్నటి దారిని ఏమనాలో మాత్రం ఇంకా తేలలేదు. 'సందు' అని రాసి పెట్టుకున్నాను.