‘కంపన పరిమితి’ ఎవరికి అర్థమవుతోంది?

గ్రూపు పెద్దలకు నమస్కారం. విజయవాడ సత్యనారాయణపురంలో కూర్చుని కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ వెతకడం మీద ఒక చిన్న పుస్తకం తెలుగు చేస్తున్నాను. ఆంప్లిట్యూడ్, అంటే తరంగం ఎంత బలంగా ఊగుతుందో చెప్పే మాట దగ్గర బండి ఆగింది. ఇంటర్ ఫిజిక్స్‌లో మనం చదివిన మాట ‘కంపన పరిమితి’. లోలకానికి బాగానే సరిపోతుంది, అటూ ఇటూ ఊగే హద్దు కాబట్టి. కానీ ఇక్కడ భూమిలోకి పంపిన తరంగం రెండు రాతిపొరలు కలిసేచోట కొంత వెనక్కి వస్తుంది. సాంద్రతను తరంగ వేగంతో గుణిస్తే వచ్చే విలువ పైపొరకీ కిందిపొరకీ ఎంత తేడాగా ఉంటే అంత గట్టిగా వస్తుంది. ఇసుకరాయి సందుల్లో నీటికి బదులు గ్యాస్ చేరితే వేగం బాగా పడిపోతుంది, చాలాచోట్ల ఆ పొర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దాన్ని ‘ఇచ్చట కంపన పరిమితి అధికం’ అని రాశాను. మా అమ్మ చదివి, "పరిమితి పెంచారా? ఎప్పుడు?" అంది. ఏదో జీవో అనుకుంది పాపం.

పుచ్చకాయ కొనేముందు తట్టి వింటాం కదా, ‘మోత’ అంటే ఎలా ఉంటుంది?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఫిజిక్స్ మేష్టారు: చెవికి బాగుందమ్మా. కానీ మోతకి ప్లస్సు, మైనస్సు ఉండవు. షేల్ (బురద గట్టిపడిన రాయి) కింద గట్టి సున్నపురాయి ఉంటే అల మామూలుగా తిరిగొస్తుంది. గ్యాస్ నిండిన మెత్తని ఇసుకరాయి ఉంటే తలకిందులై వస్తుంది. రెండూ జోరుగానే ఉంటాయి. నీ మోతలో ఆ తేడా ఏదీ?

మంగళగిరి నుంచి: అక్కా, నేను కుర్రాడిగా ఉన్నప్పుడు కోనసీమలో సర్వే క్రూలో కేబుళ్లు లాగాను. తిరిగొచ్చిన అలల్ని గీసిన కాగితం మీద బాగా నల్లగా పడిన చోటుని చూపించి ‘బ్రైట్’ అనేవాళ్లు. నల్లనిదాన్ని బ్రైట్ అంటారేంట్రా అని నవ్వుకునేవాళ్లం. మోత అయినా, మెరుపు అయినా గ్యాస్ అని ఖాయం కాదు. రాజోలు వైపు లోపల ఉన్న లావా పొరలూ జోరుగానే పలుకుతాయి. గ్యాస్ పదో వంతు ఉన్నా, నిండా ఉన్నా చూడ్డానికి దాదాపు ఒకటే. బావి తవ్వాక గానీ తెలియదు.

నేను: మేష్టారూ, మోత వదిలేశాను. ‘అల ఎత్తు’ అంటే? శృంగం, ద్రోణి బదులు మిట్ట, పల్లం. ఒక వాక్యం పెట్టి చూడండి: ‘షాట్‌కీ (తరంగం పుట్టించే పేలుడు) జియోఫోన్‌కీ (తిరిగొచ్చిన అలని పట్టే పరికరం) దూరం పెరిగేకొద్దీ పల్లం ఇంకా లోతవుతోంది.’ 1984లో ఆస్ట్రాండర్ అనే భూభౌతిక శాస్త్రవేత్త తన పేపర్లో గ్యాస్ ఇసుకరాయికి గుర్తుగా చూపించింది ఇలాంటి మార్పునే.

మేష్టారు: ఇది చదివితే బొమ్మ కనపడుతోంది. మొదటిసారి వచ్చినచోట పక్కనే ఆంప్లిట్యూడ్ అని కూడా రాయి. పరీక్షలు రాసే పిల్లలుంటారు.

నేను: అలాగేనండీ. మరి బ్రైట్ స్పాట్‌కి ‘మెరుపు మచ్చ’?

మంగళగిరి నుంచి: ఫేస్ క్రీమ్ యాడ్‌లా ఉందక్కా.

నేను: సరే, బ్రైట్ స్పాట్ అనే ఉంచేస్తున్నా.