గిటార్ సొంతంగ నేర్చుకోవచ్చా, క్లాసుకు పోవాల్నా?

హన్మకొండ_పోరడు: నాలుగు నెలల కింద సెకండ్ హ్యాండ్ అకౌస్టిక్ కొన్న. వీడియోలు చూసుకుంటనే జీ, సీ, డీ, ఈ మైనర్ కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒక్కపారి పలికించేవి) వచ్చినయ్. ఎఫ్ కార్డ్ కాడ ఆగిపోయిన. చూపుడువేలు అడ్డం పెట్టి ఎంత ఒత్తినా సగం తీగలు టక్ టక్ అంటున్నయ్, పలుకుతలేవు. క్లాసుల చేరాల్నా?

ఆరుతీగలు: క్లాసు దండుగ తమ్మీ. ఫోన్ల శ్రుతి చూసే ట్యూనర్ ఉంటది, రోజు 20 నిమిషాలు కూసో. ఎఫ్ ఆకారాన్నే 5వ ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగ ఉండే లోహపు పట్టీ) మీద పట్టు, ఏ మేజర్ పలుకుతది. నట్టుకు (మెడ చివర తీగలు ఆనే పట్టీకి) దూరం గనుక అక్కడ తీగ అల్కగ వంగుతది. చెయ్యి కుదిరినంక ఒక్కో ఫ్రెట్ వెనుకకు రా. వేలును జర పక్కకు దొర్లించి ఎముక వైపుతోని ఒత్తు.

ఫాతిమానగర్_అక్క: దండుగ అనకు. నేను చర్చి క్వయర్ల నాలుగేండ్లు సొంతంగనే వాయించిన. మణికట్టు లోపలికి మడిచి, బొటనవేలు గిటార్ మెడ పైకెళ్లి తెచ్చి పట్టుడు అలవాటైంది. నొప్పి మొదలైంది. చూసినోళ్లు చెప్పేదాక అది తప్పని తెల్వలే, మాన్పుకోను ఏడాది పట్టింది. వీడియోల సారు నా చెయ్యి చూడలే గదా.

ఆరుతీగలు: బొటనవేలు పైకి తెస్తే తప్పా? అమెరికా గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ ఆరో తీగ (అన్నిట్ల లావుది) బొటనవేలుతోనే ఒత్తేటోడు. ఆయన సొంతంగ నేర్చుకున్నోడే.

ఫాతిమానగర్_అక్క: నేను చెప్పింది మణికట్టు సంగతి.

ఆరుతీగలు: బొటనవేలు అని నువ్వే రాసినవక్కా, పైన చూడు.

చౌరస్తా_70: బొటనవేలు ఇడ్సిపెట్టుర్రి. ఆ పిలగాని గిటార్‌కు తీగలు మెడ మీదికెళ్లి ఎంత ఎత్తున్నయో ఎవలన్న అడిగిండ్రా?

ఫాతిమానగర్_అక్క: పొద్దుమూకినంక పిల్లల వేళ్లు ఒక్కొక్కటి సరిజేసి బతికేదాన్ని నేను. నువ్వు దండుగ అంటున్నది నా పనిని.

ఆరుతీగలు: నీ పనిని కాదు. ఏనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోసే రోజులల్ల ఒక క్లాసుల చేరిన. మూడు నెలల ఫీజు ముందుగాలనే కట్టించుకున్నరు. రెండో వారం సారు నా చెయ్యి అందరి ముందట లేపి, ఈ వేళ్లు గిటార్‌కు పనికిరావన్నడు. మళ్ల పోలే. పైసలు వాపస్ ఇయ్యలే. తలుపు పెట్టుకొని నేర్చుకున్న. ఇప్పటికి కొత్తోళ్ల ముందట తీగ మీద చెయ్యి పెట్టాల్నంటే గుండె దడదడ అంటది.

ఫాతిమానగర్_అక్క: ఆ మాట అన్నోడు పని రానోడు. ఉక్కు తీగల గిటార్ మెడ నట్టు కాడ 43 మి.మీ. దాంక ఉంటది, నైలాన్ తీగల క్లాసికల్‌కు 52. వేళ్లు లావున్నోళ్లకు అది ఇచ్చి చూడాలె. కని నిన్ను అవమానించింది ఒక్కడు. దానికి ఈ తమ్మునికి చెయ్యి చూసే మనిషే వద్దంటవా?

ఆరుతీగలు: దండుగ అన్న మాట వాపస్ తీసుకుంట. ముందే ఫీజు కట్టి చేరమని మాత్రం నేను చెప్ప.

ఫాతిమానగర్_అక్క: నెలకోసారి వచ్చి చెయ్యి చూపెట్టి పోతే చాలు. దానికి నేను ఫీజు అడగ.

హన్మకొండ_పోరడు: స్కేలు పెట్టి చూసిన. 12వ ఫ్రెట్ మీద ఆరో తీగ 4 మి.మీ. ఎత్తున్నది.

చౌరస్తా_70: గదే! గందుకే ఎంత ఒత్తినా పలుకుతలేవు. రెండు, రెండున్నర ఉండాలె. ముందుగాల మెడ వంగిందేమో చూపెట్టు. మెడ సక్కగుంటే సాడిల్ (గిటార్ డొల్ల మీద తీగలు ఆనే పట్టీ) అడుగు అరగదీయాలె. 1 మి.మీ. అరగదీస్తే 12వ ఫ్రెట్ కాడ అర మి.మీ.యే తగ్గుతది, జర చూసి గీకు. అందాక ఎఫ్ జోలికి పోకు.