స్లౌ దగ్గర అమ్మానాన్నలతో సులువైన నడక: క్లివ్‌డెన్ వెళ్ళొచ్చా?

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో స్లౌకి వచ్చి రెండు నెలలైంది. అమ్మానాన్న కూడా వచ్చారు. నేను ఆఫీసుకు పోతే వాళ్ళు కిటికీ దగ్గరే కూర్చుంటున్నారు. చెత్త బండి ఏ రోజు ఏ రంగు డబ్బా తీసుకెళ్తుందో అమ్మకి నోటికొచ్చేసింది. కార్తీకం కదా, ఎక్కడైనా చెట్ల కింద కూర్చుని భోంచేద్దాం అంటోంది. ఇక్కడికి దగ్గర్లో క్లైవ్‌డెన్ అని ఒక ఎస్టేట్ ఉందట, అడవీ థేమ్స్ నదీ రెండూ ఉంటాయట. కారు లేదు, అమ్మకి మోకాళ్ళ నొప్పి. వెళ్ళగలమా?

—

తమ్ముడూ, ముందు పేరు సంగతి. దాన్ని క్లివ్‌డెన్ అనాలి. క్లైవ్ అనగానే మనకి హిస్టరీ పుస్తకంలోని రాబర్ట్ క్లైవ్ గుర్తొస్తాడు, మొదటిసారి నేనూ అలాగే అనుకున్నా. ఆయనకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. క్లైవ్ కొన్న ఎస్టేట్ సర్రేలో ఉంది, దాని పేరు క్లేర్‌మాంట్. ఇక్కడి క్లివ్ అంటే నది పక్కన నిట్టనిలువుగా లేచిన గట్టు. ఆ గట్టు మాట గుర్తుపెట్టుకో, అమ్మగారి మోకాళ్ళకి దానితోనే పని.

ఇల్లు పైన, నది కింద. ఇంటి వెనక పూలమడుల తోట దాటి చెట్లలోకి వెళ్తే 170కి పైగా మెట్లు తిన్నగా ఒడ్డుకి దింపేస్తాయి. పోయిన ఏడాది మా అత్తగారు చకచకా దిగిపోయారు. "ఇదేం కష్టమే, మన సింహాచలం మెట్ల ముందు ఇవెంత!" అని నన్నే వెక్కిరించారు కూడా. ఎక్కేటప్పుడు ముప్పావుగంట పట్టింది. పది మెట్లకోసారి ఆగుతూ, "ఇంకెన్నే?" అంటూ. అందుకని మెట్ల జోలికి పోవద్దు. లోపలికి వెళ్ళేటప్పుడు కౌంటర్లో మ్యాప్ అడుగు, మెట్లు లేని వాలు దారి ఏదో అక్కడే వేలు పెట్టి చూపించమను. చుట్టు ఎక్కువే. అమ్మగారికి ఎక్కడం ఇబ్బందనిపిస్తే నది దాకా దిగకండి, పైన అడవిలోనే తిరగండి. గట్టు అంచు నుంచి చూస్తే థేమ్స్ వంపు మొత్తం కనిపిస్తుంది.

దిగగలిగితే మాత్రం ఒడ్డు వెంట దారి అరచేయిలా చదునుగా ఉంటుంది. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క నిలువునా అడవి. ఈ రోజుల్లో బీచ్ చెట్ల ఆకులు రాగి రంగుకి తిరిగి రాలుతుంటాయి, అడుగేస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. వాన పడిందంటే అదే ఆకుల కింద బురద. షూ సంగతి చూసుకో. నాన్నగారు చెప్పులతో బయల్దేరితే ఒప్పుకోకు.

కారు లేకపోతే ఎలిజబెత్ లైన్ రైలెక్కి టాప్లో అనే స్టేషన్‌లో దిగు, అక్కడి నుంచి టాక్సీ. తిరుగు టాక్సీ కూడా ముందే మాట్లాడుకో. పెద్దవాళ్ళతో ఆ రోడ్డు మీద నడక వద్దు.

టికెట్ ఉంటుంది. ఏడాదిలో నాలుగైదు చోట్లకి వెళ్ళే ఆలోచన ఉంటే నేషనల్ ట్రస్ట్ మెంబర్‌షిప్ మేలు, ఇలాంటి ఎస్టేట్లూ తోటలూ వందల్లో ఉన్నాయి వాళ్ళ దగ్గర. ఒకప్పుడు దీని యజమానులైన ఆస్టర్ కుటుంబం 1942లో క్లివ్‌డెన్‌ని వాళ్ళకి ఇచ్చేసింది. ఇల్లు మాత్రం ఇప్పుడు హోటల్. బయట నుంచి చూసి దండం పెట్టి వచ్చేయడమే, అక్కడ టీ ధర చూస్తే నాన్నగారికి బీపీ వస్తుంది.

—

అక్క చెప్పింది కరెక్ట్. నేను రెండు ముక్కలు కలుపుతా. అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. ఆ తర్వాత సాయంత్రమన్నదే ఉండదు, నవంబర్ మధ్యకి నాలుగు దాటగానే పొద్దు గూకుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది ఒంటికి పట్టడానికి టైమ్ పడుతుంది. నేను మొదటి ఏడాది భోంచేసి తాపీగా రెండింటికి బయల్దేరి, నది దగ్గరే చీకటి పడి, ఫోన్ లైట్ పట్టుకుని పైకి వచ్చాను. పది గంటలకల్లా గేటు దగ్గర ఉండండి.

మీ నాన్నగారికి రాజకీయాలు ఇష్టమైతే చెప్పడానికి బోలెడు కథలున్నాయి. ఇప్పుడున్న ఇల్లు 1851లో కట్టింది. అంతకుముందువి రెండు తగలబడిపోయాయి, 1795లో ఒకటి, 1849లో ఒకటి. ఆ ఇంటి కోడలు నాన్సీ ఆస్టర్ 1919లో ఎంపీ అయింది, బ్రిటిష్ పార్లమెంట్‌లో కూర్చున్న మొదటి మహిళ ఆవిడే. బ్రిటిష్ యుద్ధమంత్రి ప్రొఫ్యూమో 1961 జులైలో క్రిస్టీన్ కీలర్ అనే మోడల్‌ని మొదటిసారి చూసింది కూడా ఆ ఎస్టేట్ స్విమ్మింగ్ పూల్ దగ్గరే. వాళ్ళిద్దరి సంబంధం పెద్ద గొడవై, రెండేళ్ళకి ఆయన పదవి పోయింది. ఈ కథ అమ్మగారు పక్కన లేనప్పుడు చెప్పండి. ఇంటికి వెళ్ళే దారి మొదట్లో పెద్ద పాలరాతి ఫౌంటెన్ ఉంటుంది, ఆలుచిప్పలో బట్టల్లేని ఆడవాళ్ళు. అక్కడ ఫ్యామిలీ ఫోటో వద్దులెండి.

పైకి కూడా చూస్తుండండి. తోక చీలిన ఎర్ర గద్దలు తిరుగుతుంటాయి. ఇంగ్లండ్‌లో అవి ఒకప్పుడు పూర్తిగా అంతరించిపోతే, 1989 నుంచి స్పెయిన్ గద్ద పిల్లల్ని తెచ్చి ఇక్కడి చిల్టర్న్ కొండల్లో వదిలారు. మన ఊళ్ళో గద్దని తలెత్తి చూసేవాళ్ళుండరు, ఇక్కడ కెమెరాలు తీస్తారు.

—

థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నయ్యా. పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్తే ఏమైనా అంటారా? అమ్మ ఉసిరి చెట్టు ఉంటుందా అని కూడా అడుగుతోంది.

—

ఎవరూ ఏమనరు, శుభ్రంగా తినండి. పొయ్యి వెలిగించకూడదు, చెత్త తిరిగి ఇంటికి తెచ్చుకోవాలి, అంతే. ఉసిరి చెట్టు ఈ చలిలో ఎక్కడ బతుకుతుంది తమ్ముడూ! నేనైతే స్లౌలో ఇండియన్ షాపులో ఫ్రోజెన్ ఉసిరికాయలు కొని రెండు డబ్బాలో వేసుకెళ్తా, బీచ్ చెట్టు కింద పెట్టుకుని తింటాం. దేవుడు సర్దుకుంటాడు.

ఒక్క జాగ్రత్త. ఈ దేశపు చెట్ల కింద రెండు రకాల గింజలు రాలుతుంటాయి. సన్న ముళ్ళు దట్టంగా, జుట్టులా ఉన్న డొప్పలో రెండు మూడు గింజలుండి, కొసన చిన్న కుచ్చు ఉంటే అది స్వీట్ చెస్ట్‌నట్, కాల్చుకుని తింటారు. డొప్ప మీద అక్కడక్కడ లావుపాటి ముళ్ళు, లోపల గుండ్రంగా నున్నగా ఒకటే పెద్ద గింజ ఉంటే అది కాంకర్. చూడ్డానికి అదే ముద్దొస్తుంది. అది విషం.

—

వెళ్ళొచ్చాం అక్కా. వాలు దారిలోనే దిగాం, అమ్మ ఎక్కడా ఆగలేదు. నాన్న మెట్లు ఎక్కి చూపిస్తానని పంతం పట్టి ఎక్కారు, ఇప్పుడు జండూబామ్ రాయించుకుంటున్నారు. ఇంటికొచ్చాక అమ్మ కోటు జేబు తడిమితే గోళీల్లా నున్నగా పదకొండు గింజలు తేలాయి. కుచ్చు లేదు.

—

అవే తమ్ముడూ. ఆవిడ మూకుడు పొయ్యి మీద పెట్టేలోగా తీసి దాచెయ్.