సుస్తీ చేసిందంటే బద్ధకం అనుకున్నారు

'సుస్తీ' సంస్కృతమా కాదా అని నిన్న సాగిన వాదన చదువుతుంటే మా ఇంట్లో జరిగిన సంగతి గుర్తొచ్చింది. విశాఖలో ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దగ్గర మా అపార్టుమెంటులో ఎదురింటివారు లక్నో వైపు నుంచి వచ్చారు, నేవీ ఉద్యోగం. పోయిన వర్షాకాలంలో మా అమ్మకు జ్వరం. ఎదురింటావిడ తలుపు తట్టారు. అమ్మ దుప్పటి కప్పుకునే వెళ్లి, తనకు వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో "ముఝే సుస్తీ హై" అంది. ఆవిడ నవ్వి, పొద్దున్నే బీచ్ రోడ్డులో కాసేపు నడిస్తే అదే పోతుందని చెప్పి వెళ్లారు. థర్మామీటరేమో 102 చూపిస్తోంది! అమ్మ మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

ఆవిడ తప్పేమీ లేదు. హిందీలో సుస్తీ అంటే బద్ధకమే. మాట పారసీది. అక్కడ 'సుస్త్' అంటే వదులైనది, పట్టు లేనిది, నీరసమైనది. దోస్త్ నుంచి దోస్తీ వచ్చినట్టే దీని నుంచి సుస్తీ. అందులోంచి హిందీవారు ఒళ్లు వంగనితనాన్ని ఏరుకున్నారు. కన్నడిగులు అలసటను తీసుకున్నారు. రోజంతా పనిచేసి వచ్చినవారు అక్కడ 'సుస్తాయితు' అంటారు. మనం ఇంకో అడుగు వేసి జబ్బు చేసుకున్నాం.

'సు + స్థితి', అంటే మంచి స్థితి, నుంచి సుస్తీ వచ్చిందన్నవారికి ఒక మాట. అదే నిజమైతే సుస్తీ చేసినవారిని చూడటానికి బత్తాయిలు కాదు, మిఠాయి పట్టుకెళ్లాలి. 'సుష్టుగా' నుంచి పుట్టిందనడం మరీ విచిత్రం. అది సంస్కృత 'సుష్ఠు', 'బాగా' అని అర్థం. సుష్టుగా తింటే సుస్తీ చేయవచ్చు కానీ, ఆ రెండు మాటలకూ చుట్టరికం లేదు.

విశాఖకు పారసీ ఎక్కడిదని ఆ వాదనలో ఒకరు అడిగారు. ఈ ప్రాంతం గోల్కొండ ఏలుబడిలోనూ, ఆ తరువాత నిజాం కిందా చికాకోల్ (శ్రీకాకుళం) సర్కారులో ఉండేది. 1766 ఒప్పందం తరువాతే నిజాం దీన్ని ఇంగ్లీషువారికి వదిలాడు. దస్తావేజు, జమీందారు సరే, మనం పూటపూటా వాడే 'రోజు' కూడా పారసీయే కదా.

నాకు అన్నిటికన్నా నచ్చేది సుస్తీ పక్కన చేరిన 'చేసింది'. మన భాషలో ఒక్కో బాధకు ఒక్కో క్రియ. జ్వరం వస్తుంది, లేదా కాస్తుంది. దెబ్బ తగులుతుంది. పడిశం పడుతుంది. జలుబు మాత్రం చేస్తుంది. 'నాకు జలుబు చేసింది' అన్నప్పుడు చేసింది ఎవరు? నేనైతే కాదు. సుస్తీ కూడా వచ్చి జలుబు సరసన కూర్చుంది. హిందీ సుస్తీ మనిషి చేసేది, అందుకే తిట్టు. తెలుగు సుస్తీ మనిషికి చేసేది, అందుకే జాలి. చిన్నప్పుడు 'సుస్తీగా ఉన్నందున బడికి రాలేకపోతున్నాను' అని సెలవు చీటీలు రాసిన మనమంతా, హిందీ లెక్కన, బద్ధకాన్ని సంతకంతో సహా ఒప్పుకున్నవాళ్లమే.

అమ్మ ఇప్పుడు ఎదురింటావిడతో జాగ్రత్తగా 'బుఖార్' అంటోంది. ఆవిడేమో మొన్న మెట్ల దగ్గర నన్ను ఆపి, కూడబలుక్కుంటూ తెలుగులో "అమ్మగారికి సుస్తీ తగ్గిందా?" అని అడిగారు.